ఇస్కూల్ గ్రూపు

డిగ్రీ మొదటి సంవత్సరంలో నాకు కాలేజీలో స్నేహితులు లేరు. ఫోన్లో మాత్రం ఒకామె ఉండేది. ఆమె పేరు నాకు తెలియదు, ముఖం చూడలేదు, గొంతు వినలేదు. పేరు ఉండాల్సిన చోట చందమామ బొమ్మ, ఫోటో ఉండాల్సిన చోట గులాబీ పువ్వు. మెదక్ పేరు ఎవరన్నా ఎత్తితే ఖిల్లా కంటే ముందు, చర్చి కంటే ముందు నాకు ఈనాటికీ ఆ చందమామ బొమ్మే గుర్తొస్తుంది.

మాది కౌడిపల్లి దగ్గర ఒక చిన్న ఊరు. నాన్న వరి పండించేవాడు, అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఇంటర్ దాకా నా చదువంతా తెలుగు మీడియం. ఇంగ్లీషు మీడియం అయితేనే ముందుముందు పనికొస్తుందని మా ఇంటర్ సార్లు అందరికీ గట్టిగా చెప్పారు. అందుకని మెదక్‌లో ఇంగ్లీషు మీడియం బీఎస్సీలో చేరాను. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. రోజూ బస్సులో వెళ్ళి రావాలి.

చేరిన రోజు నాన్న మా అన్న పాత ఫోన్ నా చేతిలో పెట్టాడు. దాని అద్దం ఒక మూల చెట్టు వేళ్ళలాగా పగిలి ఉండేది.

"బస్సు రాకుంటె ఫోన్ చెయ్యాలె, వచ్చినా ఫోన్ చెయ్యాలె" అన్నాడు.

అమ్మ చాటలోంచి తలెత్తకుండానే, "చదువుకని ఇస్తున్నం బిడ్డా. పొద్దుమాపు గా ఫోన్లనే తలకాయ పెట్టి కూసుంటె మాత్రం ఊకునేది లేదు" అన్నది.

తల ఊపాను. అందులో ఏముంటుందో నాకు మాత్రం తెలిస్తే కదా.

కాలేజీలో మొదటి వారాలు చాలా కష్టంగా గడిచాయి. పాఠం అర్థం కాకపోవడం ఒక బాధ. ఎవరిని అడగాలో తెలియకపోవడం అంతకంటే పెద్ద బాధ. బడిలో అయితే ఒకే గది, ఒకే బెంచీ, సార్లే మన దగ్గరికి వచ్చేవాళ్ళు. ఇక్కడ గంట కొట్టగానే అందరూ లేచి ఎటో వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ వెనకాల నడిస్తే ఒక్కోసారి కామర్స్ క్లాసులో తేలేదాన్ని. నోటీసు బోర్డు మీద కాగితం ఉండేది, దాని ముందు పిల్లల గుంపు ఉండేది. గుంపు విడిపోయేసరికి నా బస్సు టైమయ్యేది. టౌను పిల్లలు ఒకరినొకరు చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్ళు. వాళ్ళు నన్నేమీ అనలేదు. అసలు నేనున్నట్టే వాళ్ళకు తెలియదు. మధ్యాహ్నం సద్ది గిన్నె తీసుకుని మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చుని తినేదాన్ని. ఎవరన్నా చూస్తే ఒంటరిదాన్ని అనుకుంటారని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, అవతల ఎవరూ లేకుండానే "ఆఁ, ఆఁ" అంటుండేదాన్ని.

అడ్మిషన్ల రోజున ఒక సీనియర్ కొత్తవాళ్ళందరి నంబర్లూ తీసుకుని ఒక గ్రూపులో కలిపాడు. ఫోన్ ఆన్ చేస్తే చాలు, అది పొయ్యి మీద పాలలాగా పొంగుతుండేది. ఆర్ట్స్ వాళ్ళు, కామర్స్ వాళ్ళు, సైన్సు వాళ్ళు, సీనియర్లు, అందరూ అందులోనే. రేపు ఫలానా సార్ రాడట, స్కాలర్‌షిప్ కాగితాలు ఫలానా గదిలో ఇవ్వాలట, మధ్యలో జోకులు, హీరోల ఫోటోలు, పుట్టినరోజు కేకులు. ఆడపిల్లలు చాలామంది సొంత పేరూ ఫోటో పెట్టేవాళ్ళు కాదు. ఒకరు సీతాకోకచిలుక, ఒకరు పసిపాప, ఒకరు నెమలి. నేను మా దూడ ఫోటో పెట్టుకున్నాను.

చాలా రోజులు చదవడమే తప్ప ఒక్క మాట రాయలేదు. రాసేదాన్ని, చెరిపేసేదాన్ని. కెమిస్ట్రీ ల్యాబు మొదలయ్యే ముందు రోజు ఇక తప్పక, తెలుగులో టైపు చేసి పంపాను. 'రేపు ల్యాబుకు తెల్లకోటు తప్పకుండా ఉండాలా? ఎక్కడ దొరుకుతుంది?'

ముందుగా ఒకడు పగలబడి నవ్వుతున్న బొమ్మలు వరుసగా పెట్టాడు. ఇంకొకడు, 'తెలుగు పండిట్ గారు వచ్చిండ్రు, లేచి నిలబడుండ్రి' అని రాశాడు. దాని కింద మళ్ళీ నవ్వులు. బస్సు కిటికీ పక్కన కూర్చున్న నాకు చెవులు వేడెక్కాయి. గ్రూపులోంచి బయటికి ఎలా రావాలో వెతుకుతుంటే, గ్రూపులో కాకుండా నాకొక్కదానికే ఒక మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు.

'కోటు ఉండాలె. బజార్ల టైలర్లు కుట్టిస్తరు. రేపటికి లేకున్నా మేడం ఏమనదు, మొదటి రోజు గదా. పరేషాన్ కాకు.'

చందమామ బొమ్మ.

'థ్యాంక్స్ అక్కా' అని రాశాను. అంత ధైర్యంగా, అంత తెలిసినట్టుగా చెప్పిందంటే సీనియరే అయ్యుండాలి. కొద్దిసేపటికి ఇంకో మెసేజ్ వచ్చింది. 'నాకు ఇంగ్లీష్ అక్షరాలల్ల రాయి. తెలుగు చదవనీకి నాకు టైం పడ్తది.'

తెలుగు చదవడానికి టైం పడుతుందంటే చిన్నప్పటి నుంచీ కాన్వెంటులో చదివిన పిల్ల అనుకున్నాను. ఎత్తుగా, భుజానికి మంచి బ్యాగు, స్కూటీ మీద వచ్చే పిల్ల. ఆ రోజుల్లో కాలేజీ వరండాలో స్కూటీ తాళం తిప్పుకుంటూ వెళ్ళే ప్రతి సీనియర్‌నీ తేరిపార చూసేదాన్ని, ఈమేనేమో అని.

తర్వాత రోజూ మాట్లాడుకునేవాళ్ళం. సాయంత్రం బస్సు ఎక్కి సీటు దొరికించుకోగానే ఫోన్ తీసేదాన్ని. మా ఊరి దగ్గర సిగ్నల్ ఒక చోట పోయి ఒక చోట వచ్చేది. పోయేలోపల అన్నీ అడిగేయాలని ఆత్రం. కెమిస్ట్రీలో 'మోల్' అనే మాట నన్ను తెగ ఏడిపించింది. ఎన్నిసార్లు చదివినా అది ఒక వస్తువా, ఒక కొలతా అన్నది బుర్రకెక్కలేదు. చందమామకు రాశాను.

'గాజులు ఎట్ల కొంటవ్?' అని అడిగింది.

'డజను లెక్క.'

'డజను అంటె గాజులా?'

'కాదు. పన్నెండు.'

'గుడ్లు గూడ డజనే గదా? మోల్ గూడ అంతే. అది వస్తువు గాదు, లెక్క పేరు. గాజులు కండ్లకు కనిపిస్తయి, పన్నెండు చాలు. అణువులు కనిపించవు గదా, అందుకే వాటి డజను మస్తు పెద్దది.'

కిటికీ బయట పొలాలు పోతున్నాయి. నేను ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. ఇంత చిన్న మాటకా ఇన్నాళ్ళు భయపడ్డది!

ఆమెకు బోటనీ పడేది కాదు. 'గీ ఆకులన్నీ ఒక్కతీర్గనే ఉన్నయి నాకు' అనేది. అది మాత్రం నాకు అమ్మ చేతి వంటంత సులువు. ఆదివారాలు పొలం గట్ల మీద తిరిగి ఫోటోలు తీసి పంపేదాన్ని. జిల్లేడు చూడు, ఒక్కో కణుపు దగ్గర రెండేసి ఆకులు ఎదురెదురు. మందారం చూడు, ఒకటి ఈ పక్క, తర్వాతది ఆ పక్క. తంగేడు చూడు, ఆ చిన్నచిన్న ఆకులన్నీ కలిపితేనే ఒక ఆకు. బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు అసలు ఒక పువ్వు కాదు, కంకి నిండా పువ్వులే అని రాస్తే, 'అరే, నిజమా! ఎన్నేండ్ల సంది చూస్తున్న' అని ఆశ్చర్యపోయింది. మా దూడ ఫోటో రోజూ అడిగేది. వాళ్ళింట్లో ఏం వండారో చెప్పేది. ఎన్నిసార్లు అడిగినా వాయిస్ మెసేజ్ మాత్రం పంపేది కాదు. 'నా గొంతు మంచిగుండదు' అనేది. నేను ఇక అడగడం మానేశాను.

ఒకరోజు ఇంగ్లీషు క్లాసులో సార్ వెనక బెంచీల వైపు చూపించి, ఒకమ్మాయిని లేచి పాఠం చదవమన్నాడు. గోడ పక్కన ఎప్పుడూ ఒక్కతే కూర్చునే అమ్మాయి. బురఖాలో వచ్చేది, ముఖం మీది ముసుగు క్లాసులోకి రాగానే తీసేది, మళ్ళీ గంట కొట్టగానే వేసుకుని వెళ్ళిపోయేది. ఆమె మాట నేను ఎన్నడూ వినలేదు. ఆమె కూడా నా మాట విని ఉండదు.

ఆమె లేచి నిలబడి పుస్తకం పట్టుకున్నది. మొదటి వాక్యంలోనే 'స్కూల్' అనే మాట ఉన్నది. ఆమె "ఇస్కూల్" అని చదివింది. ముందు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. రెండో వాక్యంలో మళ్ళీ అదే మాట. మళ్ళీ "ఇస్కూల్". ఈసారి క్లాసంతా గొల్లుమన్నది. సార్ "సైలెన్స్" అన్నాడు గానీ ఆయన పెదవుల మీద కూడా నవ్వు ఉన్నది. ఆమె పేరా చివరిదాకా చదివింది. గొంతు సన్నబడుతూ సన్నబడుతూ చివరికి పెదవులు కదలడమే కనిపించింది. నేను బల్ల మీదికి వంగి కూర్చున్నాను. తర్వాత నన్ను లేపుతాడేమో అని భయం.

గంట కొట్టాక నీళ్ళు పట్టుకుందామని నల్లా దగ్గరికి వెళ్తే ఆమె అక్కడే ఉన్నది. నల్లా తిప్పి ముఖం మీద నీళ్ళు చల్లుకుంటున్నది, చల్లుకున్న కొద్దీ మళ్ళీ ఏడుస్తున్నది. సీసా పట్టుకుని కొంచెం దూరంలో నిలబడ్డాను. ఏమన్నా అందామని నోరు తెరిచాను. ఏ భాషలో అనాలో, ఏమని పిలవాలో తోచలేదు. అంతలో ఆమె ముసుగు వేసుకుని గేటు వైపు వెళ్ళిపోయింది.

బస్సులో కూర్చున్నా మనసు కుదురుగా లేదు. చందమామకు రాశాను. 'అక్కా, ఇయ్యాల మా క్లాసుల ఒక పిల్లను చూసి అందరు నవ్విండ్రు. తర్వాత నల్లా కాడ ఏడుస్తుంటె చూసిన. నాకు గూడ ఏడుపొచ్చింది. పోయి మాట్లాడాలని ఉండె. మాట రాలె. ఆ పిల్ల ఎవరో నీకు ఎరుకేనా?'

ఆమె చదివినట్టు టిక్కులు పడ్డాయి. టైపు చేస్తున్నట్టు చుక్కలు కనిపించాయి, ఆగాయి, మళ్ళీ కనిపించాయి. బస్సు ఊళ్ళు దాటుతున్నది. సిగ్నల్ పోయే చోటు దగ్గర పడుతున్నదని నాకు ఒకటే తొందర. అప్పుడు వచ్చింది.

'ఆ పిల్ల నేనే.'

జవాబు రాయబోయాను. వెంటనే సిగ్నల్ పోయింది. మా ఊరి స్టేజీ దగ్గర దిగేదాకా ఫోన్‌ను గుండెకు ఆనించుకునే కూర్చున్నాను.

దిగీ దిగగానే రాశాను. 'నువ్వు సీనియర్‌వి కాదా?'

'కాదు. నువ్వే అక్కా అన్నవ్. మా ఇంట్ల అందరికంటె చిన్నదాన్ని నేను. నన్ను అక్కా అనేటోళ్ళు ఎవ్వరు లేరు. మంచిగనిపించింది, అందుకే చెప్పలె.'

'మరి కెమిస్ట్రీ అంత మంచిగ ఎట్ల చెప్పినవ్?'

'నువ్వు అడిగినంక వీడియోలు చూసి, బుక్కు చదివి, నాకు సమజైనంక నీకు రాస్తుంటి.'

కాన్వెంటు కాదు, ఆమె చదివింది ఉర్దూ మీడియం. తెలుగు మాట్లాడడం వీధిలో వచ్చింది గానీ చదవడం అంతంత మాత్రమే. నేనేమో చక్కటి తెలుగులో రాసేసరికి ఆమె నన్ను బాగా చదువుకున్న ఇంటి పిల్ల అనుకున్నదట. రోజూ ఒకే గదిలో, నాలుగు బెంచీల తేడాలో కూర్చుని, ఒకరినొకరం చూసి తల తిప్పుకుని, సాయంత్రం కాగానే ఫోన్లో ప్రాణస్నేహితుల్లాగా మాట్లాడుకున్నాం.

నవ్వొచ్చింది నాకు. కానీ చివరి మెసేజ్ చూసి నవ్వు ఆగిపోయింది. 'రేపటి సంది నేను రాను. మా అబ్బాకు చెప్తా, నాకు కాలేజ్ వద్దని. నువ్వు మంచిగ చదువుకో.'

మర్నాడు ఆమె రాలేదు. గోడ పక్కన బెంచీ ఖాళీగా ఉన్నది. మెసేజ్ పెడితే చదవలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నం దాకా ఓపిక పట్టి, 'నేను మీ ఇంటికొస్తున్న. దారి చెప్పకుంటె గాజుల దుకాణాలన్నీ అడుక్కుంట వస్త' అని రాశాను. వాళ్ళది గాజుల పని అని మాటల్లో ఎప్పుడో చెప్పింది. బజారుకు సగం దూరం వెళ్ళాక ఫోన్ మోగింది. మ్యాపులో వాళ్ళింటి గుర్తు పంపింది. ఒక్క మాట కూడా రాయలేదు, గుర్తు మాత్రమే.

అంతకుముందు నేను మెదక్‌లో బస్టాండు, కాలేజీ తప్ప ఏమీ ఎరగను. ఆ రోజే బజారు వెనక సందులు చూశాను. ఒక గుమ్మం ముందు లక్క కరిగే వాసన. కుంపటి దగ్గర ఒక పెద్దాయన లక్కను వేడి చేసి గుండ్రంగా తిప్పుతున్నాడు. నేను నిలబడ్డది చూసి, లోపలికి ఏదో కేకేశాడు. కొంగు తల మీదికి లాక్కుంటూ ఆమె అమ్మ వచ్చింది.

"నువ్వేనా గా ఫోన్ల పిల్ల? దూడ ఫోటో పంపేది?"

"అవునమ్మా."

"రా బిడ్డా, లోపల్కి రా. నిన్నటి సంది బువ్వ తిన్లే మా పోరి. ఏమైందే అంటె చెప్పది. జర నువ్వన్న అడుగు."

లోపలి గదిలో ఆమె గోడకు ఆనుకుని కూర్చున్నది. ఎదురుగా చాప మీద కూర్చున్నాను. ఫోన్లో అయితే ఆగకుండా మాట్లాడుకునే మాకు, ఎదురుగా ఒక్క మాట దొరకలేదు. ఆమె నేల చూస్తున్నది, నేను గోడ మీది గడియారం చూస్తున్నాను. వాళ్ళమ్మ చాయ్ పెట్టి వెళ్ళింది. చాయ్ చల్లారిపోతున్నది.

అప్పుడు ఆమె పక్కనున్న ఫోన్ తీసి ఏదో టైపు చేసింది. నా సంచిలో ఫోన్ మోగింది. తీసి చూశాను. 'నవ్వుతరు మళ్ల.'

నేనూ అక్కడే కూర్చుని టైపు చేశాను. 'నవ్వనీ. నన్ను గూడ నవ్విండ్రు, తెలుగు పండిట్ అని. అప్పుడు నువ్వే గదా పరేషాన్ కాకు అన్నది.'

'అది ఫోన్ల. ఇది క్లాసుల.'

'క్లాసుల గూడ ఇగ నేనుంట, నీ పక్కన.'

'నువ్వు ముందు బెంచీల కూసుంటవ్.'

'ఇగ నుంచి గోడ కాడ కూసుంట.'

వాళ్ళమ్మ గుమ్మంలోంచి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అల్లా! ఎదురెదురుగ కూసొని ఫోన్ల మాట్లాడుతుండ్రా? పిచ్చి పోరిలు!" అని బయటికి వినిపించేలా అన్నది. కుంపటి దగ్గరున్న ఆయన కూడా నవ్వినట్టున్నాడు. మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నవ్వు ఆగలేదు. పాఠమూ ఏడుపూ కాకుండా నేను మొదటిసారి విన్న ఆమె గొంతు, ఆ నవ్వే. 'గొంతు మంచిగుండదు' అని ఎందుకు అన్నదో నాకు అర్థం కాలేదు.

వెళ్ళేటప్పుడు వాళ్ళ నాన్న పని ఆపి లేచి వచ్చాడు. "బిడ్డా, మా ఖాన్‌దాన్ల కాలేజ్ మొకం చూసిన ఆడపిల్ల ఇదొక్కతే. చదువు బంద్ చేస్త అంటె నాకు దిల్ ఒప్పలె. నువ్వు రేపు దీన్ని తోల్కపో" అన్నాడు.

"నేను గేటు కాడ నిలబడ్త. పంపుండ్రి" అన్నాను.

మర్నాడు గేటు దగ్గర నిలబడ్డాను. వచ్చింది. ఇద్దరం గోడ పక్కన బెంచీలో కూర్చున్నాం.

కొద్ది రోజులకు ఆమెకొక ఆలోచన వచ్చింది. పెద్ద గ్రూపులో అడగడానికి భయపడేవాళ్ళు మనలాగా ఇంకా ఉంటారు, వాళ్ళకోసం ఒక చిన్న గ్రూపు పెడదామన్నది. పేరేం పెడదామని అడిగితే, ఏమాత్రం తడుముకోకుండా "ఇస్కూల్" అన్నది.

"గదే పేరా? మల్ల నవ్వరా?"

"మనమే పెట్టుకున్నంక ఇంకెట్ల నవ్వుతరు?"

మేమే ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరు ఏ భాషలో అడిగినా సరే, నవ్వే బొమ్మ పెట్టకూడదు. మొదట మేమిద్దరమే. తర్వాత హాస్టల్లో ఉండే ఒక పిల్ల చేరింది. తర్వాత నిజాంపేట వైపు నుంచి వచ్చే ఒకతను. మొదటి పరీక్షలు దగ్గర పడ్డాక అతను అడిగిన ప్రశ్న నాకు ఇంకా గుర్తే. 'ఏమనుకోకుండ్రి, సెమిస్టర్ అంటె ఏంది?' తర్వాత హాస్టల్ పిల్ల, 'నాకు గూడ తెల్వది' అని రాసింది. ఆ వెంటనే ఇంకో ఇద్దరు. ఇన్నాళ్ళూ అందరూ తెలిసినట్టు తల ఊపుతూ తిరుగుతున్నవాళ్ళే!

ఎంత టైపు చేసినా తరగడం లేదని ఆమె వాయిస్ మెసేజ్‌లు మొదలుపెట్టింది. మొదటిది పంపే ముందు నా చేయి గట్టిగా పట్టుకున్నది. కెమిస్ట్రీ పాఠాలు, సగం తెలుగు, పావు ఉర్దూ, మిగతాది ఇంగ్లీషు. "చూడుండ్రి, గీ బాండ్ అంటె దోస్తానా లెక్క. ఒకడు ఇచ్చేస్తడు, ఒకడు తీస్కుంటడు, గదొక రకం. ఇద్దరు కలిసి పంచుకుంటరు, గది ఇంకో రకం" అని ఆమె గొంతు చెప్తుంటే, వెనక వాళ్ళ నాన్న కుంపటి ఊదుతున్న చప్పుడు, వాళ్ళమ్మ గిన్నెల చప్పుడు వినిపించేవి. పరీక్షల ముందు ఒకసారి బస్సులో నా ముందు సీటు పిల్ల చెవిలో పెట్టుకున్న తీగలోంచి సన్నగా ఆ గొంతు వినిపించింది. ఆమె మా గ్రూపులో లేదు. ఎవరో ఎవరికో పంపితే చేతులు మారి ఆమె దాకా వచ్చింది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను, అది నా గొంతైనట్టే.

అన్నీ మంచి రోజులేం కావు. ఒకసారి పరీక్ష వాయిదా పడిందని పెద్ద గ్రూపులో పుకారు లేచింది. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళం ఇంటి దగ్గర ఆగిపోదామనుకున్నాం. చందమామ మాత్రం టౌనులోనే ఉంటుంది కాబట్టి కాలేజీకి నడిచి వెళ్ళి, నోటీసు బోర్డు ఫోటో తీసి పంపి, 'వాయిదా లేదు గీయిదా లేదు. బస్సెక్కుండ్రి' అని రాసింది. ఇంకోసారి ఎవడో గ్రూపులో పనికిరాని వీడియో పెడితే వాడిని తీసేయాలా వద్దా అని రెండు వర్గాలై కొట్లాడుకున్నాం. ఇంట్లో కూడా ఒక రోజు గట్టిగానే పడింది నాకు. "గంత సేపు గండ్ల ఏమున్నదే?" అని అమ్మ ఫోన్ గుంజుకున్నది. నేను అమ్మ చేతిలోని ఫోన్లోనే చందమామ వాయిస్ మెసేజ్ నొక్కాను. అమ్మ బీడీ చుట్టడం ఆపి విన్నది. అర్థమైందో లేదో, "ఎవలే గీ పిల్ల? ఎంత ముద్దుగ చెప్తున్నది! ఇంటికి తోల్కరాక పోయినవ్?" అన్నది.

తోలుకొచ్చాను. సెలవు రోజు ఆమెను, వాళ్ళమ్మను కూడా. ఫోటోల్లో చూసిన గట్లన్నీ నడిచి చూస్తానని పట్టుబట్టింది. ప్రతి మొక్క దగ్గరా ఆగి, "ఎదురెదురు", "ఒకటి తర్వాత ఒకటి" అని గట్టిగా చదువుకుంటూ నడిచింది. దూడ అప్పటికి పెద్దదై పోయింది. "మోసం! ఫోటోల చిన్నగ ఉండె" అని దాని మెడ కౌగిలించుకున్నది. వాళ్ళమ్మ తెచ్చిన లక్క గాజులు అమ్మ చేతికి బిగుతయ్యాయి. ఇద్దరు అమ్మలూ సబ్బు నురుగు రాసుకుంటూ ఆ గాజులతో చాలాసేపు తంటాలు పడ్డారు. నాన్న వరండాలో కూర్చుని, కాలేజీలో చెప్పేది మంచిగుంటుందా అని ఆమెను అడిగాడు. "మంచిగుంటది కాకా. కని మేం మళ్ల మా తీర్గ చెప్పుకోవాలె" అన్నది.

రెండో సంవత్సరం ఇంగ్లీషు సార్ ఆమెను మళ్ళీ లేపాడు. ఎవరో ఆయనకు మా గ్రూపు సంగతి చెప్పారు. పాఠం చదవమనలేదు, బోర్డు దగ్గరికి వచ్చి జూనియర్లకు కాలేజీ గురించి ఏం చెబుతావో చెప్పమన్నాడు. ఆమె బోర్డు దగ్గరికి వెళ్ళింది. ఇంగ్లీషులో మొదలుపెట్టింది, మధ్యలో తెలుగులోకి వచ్చింది, "ఇస్కూల్" అని కూడా అన్నది. ఒకరిద్దరు నవ్వారు. ఆమె ఆగి, వాళ్ళ వైపు చూసి, "గ్రూపుల రూల్ యాదికున్నది గదా?" అన్నది. అప్పుడు అందరూ నవ్వారు. సార్ కూడా. ఆమె కూడా.

ఇద్దరం పాసయ్యాం. నేను హైదరాబాద్ శివార్లలో విత్తనాలు పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాను. ఆమె బీఎడ్ చేసి మెదక్‌లోనే ఒక బడిలో సైన్సు చెబుతున్నది. ఫోన్లు చాలాసార్లు మారాయి. ఒకసారి ఊసుపోక ఆ గ్రూపు తెరిచి పాత వాయిస్ మెసేజ్ నొక్కితే, ఇక దొరకదని వచ్చింది. పైకి పోయిన కొద్దీ అన్నీ అంతే. ఆ కుంపటి చప్పుడు, ఆ గిన్నెల చప్పుడు, "చూడుండ్రి" అని ఆమె మొదలుపెట్టే తీరు, ఏదీ లేదు. అక్షరాలు మాత్రం మిగిలాయి. ఆ రోజంతా పనిలో మనసు నిలవలేదు. సాయంత్రం ఆమెకు చెబితే, "నేనున్న గదా, మళ్ల చెప్పాల్నా బాండ్ గురించి?" అని ఫోన్లోనే మొదలుపెట్టింది.

మొన్న వానాకాలం రైలెక్కి మెదక్ వెళ్ళాను. మేం చదువుకునే రోజుల్లో టౌనుకు రైలు లేదు. స్టేషన్ దగ్గరికి ఆమె గొడుగు పట్టుకుని వచ్చింది. కాలేజీ ముందు నుంచి నడిచాం. లోపలికి వెళ్ళలేదు. ఇప్పటి పిల్లలు సీటు రాకముందే ఒకరినొకరు ఫోన్లో పరిచయం చేసుకుంటున్నారని, మొదటి రోజే గుంపుగా వచ్చి గుంపుగా కూర్చుంటున్నారని ఆమె చెప్పింది.

"మంచిదే గదా" అన్నాను.

"మంచిదే. కని నా బడి నుంచి కాలేజీకి పోయిన ఒక పిల్ల మొన్న ఫోన్ చేసింది. గ్రూపుల మస్తు మంది ఉన్నరు టీచర్, కని ఎవరు నాతోటి మాట్లాడరు అన్నది."

"ఏం చెప్పినవ్?"

"గా గ్రూపుల నీ లెక్కనే సప్పుడు చెయ్యకుండ ఉన్నదెవరో చూడు, ముందు నువ్వే రాయి అన్న. రాసిందట. ఇంక జవాబు రాలె అన్నది. వస్తది, జర ఆగు అన్న."

వాన ఎక్కువైంది. ఒక దుకాణం సూరు కింద నిలబడ్డాం. మిర్చి బజ్జీలు వేడివేడిగా నూనెలోంచి తీస్తున్నారు. కాగితంలో కట్టించుకుని తింటుంటే, ఆమె ఫోన్ మోగింది. తడి చేతిని నా చున్నీకి తుడుచుకుని తీసి చూసింది, కళ్ళు పెద్దవి చేసి చదివింది.

"జవాబొచ్చిందట" అన్నది.